చందనపు కొండ పేరు పెట్టుకున్న జుజుత్సు

జపాన్ కుర్రాడు, చైనా గురువు, హవాయి నేల. ఈ మూడూ కలిసి పుట్టించిన ఒక యుద్ధవిద్య, దాని పేరు వెనకున్న చరిత్ర

1909. హవాయి దీవుల్లో హిలో పట్టణం. పంతొమ్మిదేళ్ల జపాన్ కుర్రాడికి క్షయ అని తేల్చారు. క్షయను లొంగదీసే స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా 34 ఏళ్లుంది. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. అప్పట్లో వైద్యమంటే అంతే. ఆ కుర్రాడు మంచం ఎక్కలేదు. ఊళ్లోనే షిన్యూకాయ్ అనే సాధనశాలకు వెళ్లి, యోషిమత్సు తనకా అనే గురువు దగ్గర జుజుత్సు మొదలుపెట్టాడు. పోయేవాడికి దాచుకునేదేముంది అన్నట్టు ఒళ్లు విరుచుకుని సాధన చేశాడు. చావలేదు సరికదా, ఏడాది తిరిగేసరికి మనిషి గట్టిపడ్డాడు. జబ్బు ఎందుకు వెనక్కి తగ్గిందో వైద్యశాస్త్రం వేరేగా చెప్పొచ్చు. ఆయన మాత్రం తనకు మళ్లీ బతుకిచ్చింది జుజుత్సే అని నమ్మాడు. ఆ బతుకును దానికే ఇచ్చేశాడు.

ఆయన పేరు సెయిషిరో ఒకజాకి. అమెరికా వాళ్లు హెన్రీ అని పిలిచేవారు. ఆయన నిలబెట్టిన సంప్రదాయం దన్‌జన్ ర్యూ. కరాటే, జూడో పేర్లు తెలియని ఊరు మనకు లేదు. బ్రెజిల్ జియు జిత్సు పేరు టీవీ పోటీల పుణ్యమా అని ఇప్పుడు కుర్రాళ్ల నోట్లో నానుతోంది. దన్‌జన్ ర్యూ మాత్రం హవాయి, అమెరికా పశ్చిమ తీరం దాటితే చాలామందికి తెలియదు. అయినా దాని వంశవృక్షం, అది పెట్టుకున్న పేరు జుజుత్సు చరిత్రలో దేనికీ తీసిపోవు. జపాన్‌లో పుట్టిన విద్యకు జపాన్ బయటి కొండ పేరు, అదీ చైనా వాళ్లు పిలుచుకున్న పేరు, ఎందుకొచ్చిందన్నదే ఈ కథ.

పేర్లు ఎలా పుట్టేవి

ముందు పాత పేర్ల సంగతి చూద్దాం. ర్యూ అంటే ప్రవాహం. గురువు నుంచి శిష్యుడికి పారే బాణీ అన్నమాట. జపాన్‌లో జుజుత్సు బాణీలన్నిటిలోకీ పాతవాటిలో ఒకటి తకెనోఉచి ర్యూ. 1532లో మిమసకా ప్రాంతపు తకెనోఉచి హిసమోరి దాన్ని స్థాపించాడంటారు. కుటుంబం పేరే బాణీ పేరు. ఆ రోజుల్లో జుజుత్సు అనే మాట కూడా వాడుకలో లేదు. చిన్న కత్తితో దగ్గరి పోరు, పట్టుకుని కట్టేయడం లాంటి విద్యలకు వేరే పేర్లుండేవి. జుజుత్సు అన్న పేరు కింద ఇవన్నీ చేరింది తర్వాతి కాలంలో.

కొన్ని బాణీలు ఇంటి పేరు పెట్టుకున్నాయి. కొన్ని దైవం పేరు పెట్టుకున్నాయి. యోషిన్ ర్యూ ఒక చెట్టు పేరు పెట్టుకుంది. దాని కథ ఇది. నాగసాకికి చెందిన అకియామా అనే వైద్యుడు వైద్యం నేర్చుకోవడానికి చైనా వెళ్లాడు. అక్కడ కొన్ని దెబ్బల విద్యలు, స్పృహ తప్పినవాణ్ణి తేర్చే 28 పద్ధతులు నేర్చుకుని తిరిగొచ్చాడు. శిష్యులు చేరారు. ఉన్న పట్లు మరీ తక్కువ కావడంతో విసుగు పుట్టి వెళ్లిపోయారు. అకియామా ఒక తెన్‌జిన్ గుడిలో నూరు రోజులు దీక్ష పట్టాడు. మంచు కురుస్తున్న వేళ పెద్ద చెట్ల కొమ్మలు బరువుకు విరిగిపడుతుంటే, విల్లో చెట్టు మాత్రం వంగి మంచును జార్చేసి మళ్లీ లేచి నిలబడింది. అది చూసి తన విద్యను విస్తరించి 303 పట్లు కూర్చాడని, దానికి విల్లో మనసు అనే పేరు పెట్టాడని బాణీ వాళ్లు చెబుతారు.

కథను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. అందులో ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. జపాన్ విద్య తన మూలాన్ని చెప్పుకునేటప్పుడు చైనాను దాచలేదు. మూలపురుషుడు కత్తి పట్టిన యోధుడు కాదు, మందిచ్చే వైద్యుడు. ఈ రెండూ తర్వాత ఒకజాకి కథలో మళ్లీ కనిపిస్తాయి.

యోషిన్ పేరుతో ఇంకో చిక్కుంది. వినడానికి అదే పేరు, రాసే అక్షరాలు వేరుగా ఉన్న మరో బాణీ కూడా జపాన్‌లో ఉండేది. దాని మూలపురుషుడు మియురా యోషిన్ అంటారు. ఒకే ఉచ్చారణ, రెండు వంశాలు. ఫలానా వాడు యోషిన్ ర్యూ నేర్చుకున్నాడని ఎవరైనా చెబితే, ఏ అక్షరాలతో రాసే యోషిన్ అని అడగాలి. చరిత్రకారులు జుజుత్సు వంశావళులు విప్పేటప్పుడు తలలు పట్టుకునేది ఇలాంటి చోటే. మరో ఉదాహరణ షిందో యోషిన్ ర్యూ. 1864లో మత్సువోకా కత్సునోసుకే స్థాపించినప్పుడు దాని పేరులో మొదటి అక్షరం కొత్త అనే అర్థమిచ్చేది. తర్వాత అదే ఉచ్చారణ ఉంచి, దైవం అనే అర్థమిచ్చే అక్షరం పెట్టారు. నోటితో పలికితే తేడా ఏమీ లేదు. కొత్తదిగా మొదలైన బాణీ కాగితం మీద పవిత్రమైనదైపోయింది.

ఇక జిగొరో కానో. ఆయన తెన్‌జిన్ షిన్యో ర్యూ, కితో ర్యూ అనే రెండు జుజుత్సు బాణీలు నేర్చి 1882లో టోక్యోలో కోదోకన్ అనే సాధనశాల ప్రారంభించాడు. పేరు చివర ర్యూ పెట్టలేదు. విద్యకు జుజుత్సు అన్న మాట కూడా ఉంచలేదు. జూడో అన్నాడు. పాత వంశాల నుంచి వేరుపడుతున్నానని ఆ పేరే చాటింది. ఆయన పెట్టిన పేరు ముందు పాత బాణీలు వెలవెలబోయాయి. చాలా బాణీలు ఒక్కో ఊరికి, ఒక్కో ఇంటికి కుదించుకుపోయాయి. ఇలాంటి కాలంలో 1890లో, ఫుకుషిమా ప్రాంతంలోని కకెదాలో ఒకజాకి పుట్టాడు.

చెరకు తోటల లోకం

1906లో ఒకజాకి హవాయి చేరాడు. ఆనాటి హవాయి ఎలా ఉండేదో తెలియకపోతే దన్‌జన్ ర్యూ అర్థం కాదు. 1900 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లోని 1,54,001 మందిలో 61,111 మంది జపాన్ వాళ్లే. చెరకు తోటల యజమానులు ముందు చైనా నుంచి, తర్వాత పోర్చుగీసు దీవుల నుంచి, 1885 నుంచి పెద్ద ఎత్తున జపాన్ నుంచి కూలీలను తెప్పించారు. 1900 జనవరిలో ఒకినావా నుంచి తొలి కూలీలు దిగారు. ఒకజాకి వచ్చిన 1906లోనే డిసెంబరులో ఫిలిప్పీన్స్ నుంచి మొదటి 15 మంది వచ్చారు. ఏ జాతి కూలీలకు ఆ జాతి లైన్లు వేరుగా కట్టించి, ఒకరితో ఒకరు కలవకుండా చూడటం యజమానుల పద్ధతి. సమ్మెలు కలిసి చేయకుండా ఉండాలంటే మనుషులు కలవకూడదు.

ఒకజాకి మాత్రం ఆ గీతలన్నీ దాటాడు. తనకా దగ్గర నేర్చుకున్నది చాలనుకోలేదు. హిలో ఉన్న పెద్ద దీవిలోనే కొహాలా అనే చోట వో చోంగ్ అనే చైనా గురువు దగ్గర కుంగ్ ఫూ నేర్చుకున్నాడు. ఒకినావా వాళ్ల దగ్గర కరాటే, ఫిలిప్పీన్స్ వాళ్ల దగ్గర కత్తి పోరు, పాశ్చాత్యుల దగ్గర బాక్సింగ్, కుస్తీ చూసి నేర్చాడు. అన్నిటికంటే విలువైంది లూవా. అది హవాయి యోధుల సొంత విద్య. కీళ్లు తప్పించి ఎముకలు విరిచే పోరు. మిషనరీలు వచ్చి, రాజులు పోయి, ఆ విద్య చాటుకు పోయింది. కుటుంబాల్లో గుట్టుగా మిగిలింది. అదే దీవిలోని పునా ప్రాంతపు ఒక హవాయి మహిళ ఒకజాకికి దాన్ని నేర్పిందని ఆయన శిష్యులు చెబుతారు. పరాయి దేశపు కుర్రాడికి ఒక స్త్రీ తన జాతి రహస్యాన్ని చేతిలో పెట్టింది. ఈ వంశవృక్షంలో నన్ను అన్నిటికంటే కదిలించే కొమ్మ ఇదే. జుజుత్సు వంశావళుల్లో తండ్రి, కొడుకు, దత్తపుత్రుడు తప్ప ఆడమనిషి పేరు కనిపించడం అరుదు.

ఆయన నేర్చిన జపాన్ బాణీల జాబితాలో యోషిన్ ర్యూ, నంబా షోషిన్ ర్యూ, ఇవాగా ర్యూ, కొసోగాబె ర్యూ ఉన్నాయి. యోషిన్ తప్పిస్తే మిగతావి జపాన్ చరిత్రలో పెద్దగా చప్పుడు చేయని పేర్లు. అలాంటి చిన్న బాణీలు వలస కూలీల ఒంట్లో దాక్కుని సముద్రం దాటాయి.

1922లో హిలోలో మోరిస్ అనే అమెరికన్ బాక్సర్‌తో ఒకజాకి తలపడి గెలిచాడు. అప్పటికే జూడో వాళ్లు కొందరు ఆ బాక్సర్ చేతిలో ఓడిపోయారు. ఆ గెలుపుతో దీవుల్లో ఆయన పేరు మారుమోగింది. 1924లో జపాన్ వెళ్లి, ఉత్తరాన మొరియోకా నుంచి దక్షిణాన కగోషిమా దాకా తిరిగి, యాభైకి పైగా సాధనశాలలు చూసి, 675 పట్లు నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. కోదోకన్‌లో మూడో దాన్, అంటే నల్ల బెల్టులో మూడో మెట్టు, కూడా సంపాదించాడు. ఆ 675 దగ్గర పట్టుబట్టనక్కర్లేదు. అంత తిరిగినవాడు జపాన్‌లోనే ఉండిపోయి, ఏదో ఒక పాత బాణీ వారసుడిగా పత్రం తెచ్చుకుని, ఆ పేరుతో బతికేసి ఉండొచ్చు. అలా చేయలేదు. హవాయికి తిరిగొచ్చాడు.

కొండ పేరు

తన శాలకు కోదెన్‌కన్ అని పేరు పెట్టాడు. పాత సంప్రదాయాల నిలయం అని అర్థం. బాణీకి మాత్రం దన్‌జన్ అన్నాడు. దన్ అంటే చందనం, జన్ అంటే కొండ. చందనపు కొండ.

ఆ కొండ హవాయే. చైనాలోని కాంటన్ రేవు వర్తకులు హవాయి దీవుల్ని తమ భాషలో తాన్ హియుంగ్ షాన్ అనేవారు. పరిమళించే చందనపు కొండ అని. ఈనాటికీ చైనా భాషలో హొనొలులు పట్టణం పేరు అదే. ఆధునిక చైనా పితామహుడు సన్ యట్ సేన్ పిల్లాడిగా చదువుకున్నది, 1894లో తన తొలి విప్లవ సంఘం పెట్టింది ఆ పేరున్న ఊళ్లోనే.

చందనం అనగానే మనకు శేషాచలం గుర్తొస్తుంది. అది ఎర్రచందనం. చెట్టు వేరు, కుటుంబమే వేరు. హవాయిలోది మన మైసూరు గంధపు చెట్టుకు దగ్గరి చుట్టం. స్థానికులు ఇలియాహి అంటారు. చైనా గుళ్లలో ధూపానికి, పెట్టెలకు గంధపు చెక్క కావాలి. ఒకప్పుడు అది మన దేశం నుంచి వెళ్లేది. 1800 దాటాక అమెరికా ఓడలు హవాయి నుంచి ఆ చెక్కను పెద్ద ఎత్తున తీసుకెళ్లి కాంటన్‌లో అమ్మసాగాయి. మొదటి కమెహమెహ రాజు ఉన్నంత కాలం ఆ వ్యాపారం ఆయన గుప్పిట్లో ఉంది. 1819లో ఆయన పోయాక దీవుల్లోని దొరలు అప్పు మీద ఓడలు, పట్టుబట్టలు, మద్యం కొని, బదులుగా చెక్క ఇస్తామని రాసిచ్చారు. అప్పు తీర్చే పని సామాన్యులకు పడింది. 1826 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం ప్రతి మగవాడూ అర పికుల్ చెక్క, అంటే దాదాపు 30 కిలోలు, తెచ్చివ్వాలి. లేదంటే నాలుగు స్పానిష్ డాలర్లు కట్టాలి. హవాయిలో చట్టం చేసి వేసిన తొలి పన్ను ఇది. పొలాలు వదిలి జనం కొండలెక్కారు. టారో దుంప నాటేవాళ్లు లేక ఇళ్లలో ఆకలి పుట్టింది. ఓడ అడుగు అరకు ఎంత చెక్క పడుతుందో కొలవడానికి మొలొకాయి దీవిలో ఓడ ఆకారంలోనే తవ్విన గొయ్యి ఇప్పటికీ ఉంది. 1840 నాటికి నరకడానికి చెట్లు మిగల్లేదు. వ్యాపారం ఆగింది.

చెట్లు పోయిన అరవై ఏళ్ల తర్వాత ఒకజాకి వచ్చాడు. అప్పటికి కొండ మీద చందనం లేదు, చైనా వాళ్ల నోట్లో మాత్రం ఉంది. ఆ పేరునే ఆయన జపాన్ అక్షరాల ఉచ్చారణలోకి తెచ్చుకుని తన విద్యకు తగిలించాడు. వో చోంగ్ మీద గౌరవంతోనే ఆ పేరు ఎంచుకున్నాడని శిష్యపరంపర చెబుతుంది. నాకు ఈ మాట నమ్మబుద్ధేస్తుంది. ఎందుకంటే ఆయన ముందు తేలికైన దారులు చాలా ఉన్నాయి. తన పేరు పెట్టుకోవచ్చు. జపాన్ దేవుడి పేరు, పర్వతం పేరు పెట్టుకోవచ్చు. జపాన్ సైన్యం చైనా మీద పడి యుద్ధం చేస్తున్న దశాబ్దంలో కూడా, ఒక జపాన్ గురువు తన బాణీకి చైనా పలుకుబడిని పేరుగా ఉంచుకున్నాడు. ఇది చిన్న విషయం కాదు.

కొట్టడం, బతికించడం

దన్‌జన్ ర్యూలో పాఠాలు జాబితాలుగా ఉంటాయి. మొదటిది యవారా. ఇరవై పట్లు. మణికట్టు పట్టుకున్న చేతిని విడిపించుకోవడంతో మొదలవుతుంది. గొంతు పట్టుకున్నప్పుడు తప్పించుకునే పట్టుకు మాపుల్ ఆకు పేరు. గొంతు చుట్టూ విచ్చుకున్న ఎదుటివాడి వేళ్లు ఆ ఆకులా ఉంటాయి కనుక. తర్వాత పడగొట్టే పట్లు 20, ఊపిరి బిగించే పట్లు 25, మెలకువలతో కూడిన ఓకు నో తె 25. ఆ చివరిదానిలో పేర్లు చదువుతుంటే హాయిగా ఉంటుంది. ముందరి కొండనీడ, వెనకటి కొండనీడ, మునినీడ, సింహపాతం. ఆపైన ప్రమాదకరమైన విద్యల జాబితాలున్నాయి. వాటిని అందరికీ నేర్పేవారు కాదు.

వీటి పక్కనే కప్పో ఉంటుంది. స్పృహ తప్పినవాణ్ణి తేర్చే విద్య. ఊపిరి బిగించడం నేర్పేవాడు ఊపిరి తెప్పించడం కూడా నేర్పాలని పాత గురువుల నియమం. దాంతోపాటు సెయిఫుకుజుత్సు. బెణికిన, తప్పిన కీళ్లను సరిచేసే మర్దన. హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ పహిల్వాన్లు ఎముకలు కట్టినట్టు, జపాన్‌లో జుజుత్సు గురువులే ఊరి ఎముకల వైద్యులు. 1920లో జపాన్ ప్రభుత్వం ఆ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. బాణీలు చాలామటుకు కనుమరుగైనా గురువుల పొయ్యి వెలిగించింది ఆ గుర్తింపే.

1930 ప్రాంతంలో ఒకజాకి హొనొలులులో నిక్కో అనే మర్దన వైద్యశాల తెరిచాడు. రోజంతా రోగుల్ని చూసి, సాయంత్రం శిష్యులకు నేర్పేవాడు. 1934లో హవాయి వచ్చిన అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కూ ఆయన మర్దన చేశాడని శిష్యులు గర్వంగా చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ ఒక్క రోగి కంటే చెరకు తోటల్లో నడుం విరిగిన వేలమంది ముఖ్యం. దన్‌జన్ ర్యూలో పై మెట్లు ఎక్కాలంటే మర్దన వైద్యం నేర్చుకోవాలన్న పద్ధతి ఆయన వేసిన బాటే. యోషిన్ ర్యూ మూలపురుషుడు వైద్యుడన్న కథ ఇక్కడ మళ్లీ ప్రాణం పోసుకుంది.

ఇంకో పని కూడా చేశాడు. జపాన్ వాళ్లకే పరిమితం కావాల్సిన విద్య అని సొంతవాళ్లు గొణుగుతున్నా, ఏ జాతివాడు తలుపు తట్టినా లోపలికి పిలిచాడు. ఆడవాళ్లకు నేర్పాడు. 1939లో ఆయన స్థాపించిన అమెరికన్ జుజిత్సు ఇన్‌స్టిట్యూట్ అన్ని జాతులవాళ్లకూ చోటిచ్చింది.

పాయలు

1951 జూలైలో ఒకజాకి కన్నుమూశాడు. తర్వాత ప్రతి బాణీకీ జరిగేదే జరిగింది. నది పాయలు పాయలైంది. కాలిఫోర్నియాలో బడ్ ఎస్టెస్, రే లా, రిచర్డ్ రికర్ట్స్, జాన్ కాహిల్ కలిసి 1958లో అమెరికన్ జూడో అండ్ జుజిత్సు ఫెడరేషన్ పెట్టారు. హొనొలులులో పాత సంస్థ అలాగే కొనసాగింది. అరిజోనాలో కోదెన్‌కన్ పేరుతో మరో శాఖ. కొందరు దన్‌జన్ ర్యూ అంటారు, కొందరు కోదెన్‌కన్ జుజుత్సు అంటారు. ఒకటి కొండ పేరు, ఇంకొకటి ఇంటి పేరు. విద్య ఒకటే. ఇవి వేర్వేరు బాణీలని పొరబడేవాళ్లు అమెరికాలోనే ఉన్నారు.

పాయల్లో ఒకదాని గురించి మన పాఠకులు వినే ఉంటారు. హొనొలులులో పుట్టిన వాలీ జే, ఒకజాకి పరంపరలో నేర్చుకుని, కాలిఫోర్నియాలోని అలమీడాలో స్థిరపడ్డాడు. మణికట్టును, వేళ్లను చిన్న వలయంలో తిప్పి నొప్పి పుట్టించే పద్ధతిని అభివృద్ధి చేసి స్మాల్ సర్కిల్ జుజిత్సు అన్నాడు. బ్రూస్ లీకి స్నేహితుడు. ఆయన పెట్టిన పేరులో కొండ లేదు, చెట్టు లేదు, దేవుడు లేడు. పని ఎలా జరుగుతుందో అదే పేరు. ఒకజాకి పరంపరవాడే ఆ పని చేశాడంటే ఆశ్చర్యం లేదు. ఒకజాకి కూడా తనకు వారసత్వంగా వచ్చిన పేరు పెట్టుకోలేదు కదా.

జుజుత్సు వంశావళుల మీద పుస్తకాలు రాసేవాళ్లు దన్‌జన్ ర్యూను తరచూ తక్కువ చేస్తారు. జపాన్‌లో పుట్టలేదు, ఒకే తండ్రి వంశం లేదు, కలగాపులగం అంటారు. నా అభిప్రాయం వేరు. జపాన్‌లోని గొప్ప బాణీలూ అంతకుముందున్న వాటిని కలిపి పుట్టినవే. తెన్‌జిన్ షిన్యో ర్యూ రెండు బాణీల కలయిక. జూడో ఆ కలయిక మీద ఇంకో కలయిక. కలపడంలో తేడా లేదు. కలిపింది ఎవరెవరి దగ్గర తీసుకున్నదో చెప్పడంలోనే తేడా ఉంది. ఒకజాకి చైనా గురువు పేరు చెప్పాడు, హవాయి విద్య పేరు చెప్పాడు, ఒకినావా పేరు చెప్పాడు. తన బాణీ ఎక్కడ పుట్టిందో పేరులోనే రాసి పెట్టాడు. ఇంతకంటే నిజాయితీ ఉన్న వంశావళి జుజుత్సులో నాకు కనిపించలేదు.

మన ఊళ్లలో వీధికో కరాటే క్లాసు ఉంది. గోడ మీద జపాన్ అక్షరాల బోర్డు, పక్కన ఏదో ఒక ర్యూ పేరు. ఈసారి పిల్లల్ని చేర్చేటప్పుడు ఫీజుతో పాటు ఇంకో ప్రశ్న అడగండి. మాస్టారూ, ఈ పేరు ఎక్కడిది, మీ గురువు ఎవరు, ఆయన గురువు ఎవరు అని. జవాబులో బెల్టుల రంగులే వినిపిస్తే ఇంకో క్లాసు చూసుకోండి. తాను నేర్చుకున్న నలుగురి పేర్లూ వరసగా చెప్పే మాస్టారు దొరికితే మాత్రం పిల్లల్ని ఆయన దగ్గరే వదలండి.